వీపు చూపే మనిషి ఉన్న పరదా

రంగారెడ్డి జిల్లా మేడ్చల్ నివాసి, ఫోటో స్టూడియోల్లో వెనక కట్టే పరదాలు వేసే పెయింటర్, కీర్తిశేషులు సత్తయ్య కొడుకు గౌరయ్య అనే నేను, యాభై ఆరేళ్ల వయసులో, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా ఇది. ఒళ్లు పాడైంది గానీ బుద్ధి బాగానే ఉంది. కింది సంగతులు చదివి కాదనుకునేవాళ్లు కాదనుకోవచ్చు.

1. ఇల్లు, దాని మీది సర్వహక్కులు నా భార్య ముత్తమ్మకు. ముప్పై ఏళ్లు నా టర్పెంటైన్ వాసన భరించింది. ఆమె ఉండగా ఎవరూ అమ్మకూడదు.

2. స్టూడియో, కెమెరాలు నా కొడుకు రాఘవేందర్‌కు. నా పరదాలు తీసేసి ఫ్లెక్సీలు కట్టాడు. ఆ కోపం ఇంకా పోలేదు.

3. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న అమెరికా చిత్రాల పుస్తకం కూడా వాడికే. నూటయాభై ఏళ్ల కిందటి ఆ పెయింటర్లు పెద్ద పెద్ద కొండలు, అడవులు వేసి, కొండ ఎంత పెద్దదో తెలియాలని ఓ మూల చీమంత మనిషిని నిలబెట్టేవాళ్లు. స్టూడియో వెనక గదిలో వేలాడే నా పరదా అందులోని బొమ్మ చూసి వేసిందే. ఉరుము మబ్బు, విరిగిన చెట్టు, సరస్సు.

4. పుస్తకంలోని మనిషికి టోపీ ఉంది. ఆ చోట మన ఊరి మనిషిని పెడదామని 1993 ఎండాకాలంలో నా తమ్ముడు ఎల్లేష్‌ను శామీర్‌పేట చెరువుకు తీసుకుపోయి, బండ మీద నాకు వీపు చేసి, నీళ్లవైపు చూస్తూ నిలబడమన్నాను. "నేను జెప్పేదాక తిరగకు" అన్నాను. "మంచిదన్నా" అన్నాడు. చిత్తుబొమ్మ గీసి తలెత్తేసరికి బండ మీద ఎవరూ లేరు. నీళ్ల చప్పుడు కూడా వినబడలేదు. ఈతగాళ్లు మూడు రోజులు వెతికినా ఏమీ దొరకలేదు. ఆ చిత్తు చూసి వాణ్ని పరదా మీద చీమంత వేశాను.

5. ప్రతి దసరాకూ కెమెరాకు పూజ చేసి మొదటి ఫోటో ఆ పరదాకే తీస్తాను. అన్నీ బీరువాలో ఉన్నాయి, చూసుకోండి. 1996లో వాడు వేలెడంత. 2000లో జానెడు. మొన్న దసరాకు మూరెడు. నేను మళ్లీ బ్రష్ పెట్టలేదు, ఒట్టు. వాడు వెనక్కి నడుచుకుంటూ దగ్గరికి వస్తున్నాడు. తిరగమని నేను చెప్పలేదు కాబట్టి తిరగలేదు. ఆ ముఖం ఎలా ఉంటుందోనన్న భయంతోనే ఇన్నేళ్లూ చెప్పలేదు.

6. ఆ పరదా, నేను చెప్పలేని ఆ మాట, ఎల్లేష్ భార్య వినోదకు. గాజులు తీయమని ఆమెను సతాయించిన పెద్దమనుషుల్లో నేనూ ఉన్నాను. ఆమె తీయలేదు. పోయినేడు పరదా చూసి, "ఆయన ఇంటికే వస్తాండు బావా" అంది. నేను మాట మార్చాను, ఇప్పటికీ సిగ్గుగా ఉంది. చెప్పడమో మానడమో ఆమె ఇష్టం. ఇంకెవరూ చెప్పకూడదు, పరదాను చుట్టకూడదు. వినోదా, చెబితే పగటిపూట, తలుపు తీసిపెట్టి చెప్పు బిడ్డా. వాడికి ఇప్పటికీ ఇరవై ఎనిమిదే ఉంటాయి. నీకు తల నెరిసిందని వెనకాడకు. మాట ఇది: "ఎల్లేశా, ఇగ తిరుగు."

మేడ్చల్, 2006 అక్టోబర్ 9.

(సంతకం) గౌరయ్య

సాక్షులు: 1. భాస్కర్, పక్క దుకాణం టైలర్. 2. దుర్గాబాయి, ఎదురింటి ఆమె.

దస్తూరి: చక్రపాణి, దస్తావేజు లేఖరి. వెనక గదిలో, పరదా ఎదుట కూర్చుని రాశాను. ఆరో అంశం చివరి మాటలు గౌరయ్య నోటితో చెప్పలేదు, చీటీ మీద రాసిచ్చాడు. సాక్షుల ముందు అంతా చదివి వినిపించాను. ఆ మాటలు మాత్రం పైకి చదవలేదు. చదవమని ఎవరూ అడగలేదు.