బావ ఫోన్‌లో కనబడని హెచ్చరిక

బందరు నుంచి

ప్రియమైన సువార్తక్కకు చెల్లెలు దీవెన వందనాలు.

నువ్వూ పిల్లలూ క్షేమమే కదా? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ప్రభువు దయవల్ల నేను బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను. హాస్టల్ పప్పుచారు నీళ్ళలా ఉంటుంది, అంతే. మన హంసలదీవి గాలికి అలవాటుపడ్డ ప్రాణానికి ఈ గదిలో ఉక్కపోస్తోంది.

అక్కా, కూర్చుని చదువు. బావ బాగానే ఉన్నాడు, అది ముందే చెబుతున్నాను.

మా ఆఫీసులో చేపల వేటకెళ్ళేవాళ్ళ కోసం యాప్ చేస్తున్నాం. సముద్రంలో గాలి పెరిగేలా ఉంటే ఫోన్ తెర మీద హెచ్చరిక రావాలి. ఆ కోడ్ ముక్క రాసింది నేనే. బావ ఫోన్‌లో వేసిందీ నేనే. మంగళవారం పొద్దున్నే హెచ్చరిక పంపాం. బావ చూసుకుని ఆగిపోయి ఉంటాడనుకున్నాను. మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"పడవలోకి నీళ్ళొచ్చేశాయి దీవెనా. వల కోసేసి బయటపడ్డాం."

"మెసేజ్ రాలేదా బావా?"

"రాలేదుగా! యోసేపు మావయ్య గాలి తేడాగా ఉంది, వద్దురా అన్నాడు. నీ యాప్‌లో ఏమీ లేదని చూపించి నేనే తీసుకెళ్ళాను."

ఫోన్ పెట్టేసి వెంటనే మా సీనియర్ శారద గారికి చెప్పాను. ఆవిడ పక్కన కూర్చుని నేను రాసిన కోడ్ తెరిచారు.

"మెసేజ్ తయారుచెయ్యమని రాశావు. చూపించమని ఎక్కడ రాశావమ్మా?"

చివర 'షో' అనే ఒక్క మాట లేదు, అక్కా. హెచ్చరిక బావ ఫోన్‌దాకా వెళ్ళింది, తెర మీదికి రాలేదు. కంప్యూటర్ తప్పేమీ చూపించలేదు కదా అని నేను ఒక్కసారి కూడా మెసేజ్ పంపి చూడలేదు.

ఆ మాట చేరిస్తే మెసేజ్ వచ్చింది, రెండు క్షణాల్లో మాయమైంది. "తడి చేతులతో వల సర్దుకునేవాళ్ళు ఇది చదువుతారా?" అన్నారు శారద గారు. దాన్నీ మార్చాను. ఇప్పుడు 'చూశాను' అని నొక్కేదాకా తెర మీదే ఉంటుంది. పది ఫోన్లలో వేసి చూశాను.

నీకు చెప్పొద్దన్నాడు బావ. దాచుకోలేకపోయాను. నా యాప్ ఏమీ అనకపోతే సముద్రం బాగున్నట్టు కాదని ఆయనకు గట్టిగా చెప్పు. యోసేపు మావయ్య వద్దంటే పడవ దించొద్దని చెప్పు.

అమ్మకూ మావయ్యకూ నా వందనాలు, పిల్లలకు ముద్దులు. ఆదివారం చర్చిలో బావ పేరున కృతజ్ఞత ప్రార్థన చేయించు. నా ఉద్యోగం నిలవాలని ప్రార్థించొద్దు. నువ్వు నన్ను క్షమిస్తే చాలు.

నీ చెల్లెలు
దీవెన