ఓదెలు కాక వీసా కాగితం

హైదరాబాద్, మంగళవారం

బాపూ, నాకు ఒంట్లో బాగానే ఉంది, నీ మీదే మండిపోతోంది. ఫోన్ చేస్తే మధ్యలోనే పెట్టేస్తున్నావని కార్డు రాస్తున్నాను. పోస్టుమ్యాన్ మొగిలన్న ఎలాగూ వాడకట్టంతా వినేలా చదువుతాడు.

నేను డిగ్రీలో చదివేది ఫ్రెంచి, స్పానిష్, ఇటాలియన్. అరబ్బీ కాదు! "మా బిడ్డకు బయటిదేశాల భాషలన్నీ వస్తయ్" అని నువ్వు చాటినప్పటి నుంచి ఊళ్లో గల్ఫ్ కాగితాలన్నీ నా ఫోనుకే వస్తున్నాయి. సిగ్గు విడిచి ఓదెలు కాక కాగితాన్ని మా కాలేజీలో అరబ్బీ చెప్పే మేడమ్‌తో చదివించాను. ఏజెంటు చెప్పిన డ్రైవర్ పని అందులో లేదు. ఎడారిలో గొర్రెలు కాసే పని అని ఉంది. ఆ మాట చెబితే, "నీకు అరబ్బీ రాదంటివి గద బిడ్డా, గిదెట్ల తెలిసింది?" అంటావా!

అవ్వ మోకాలి నొప్పి తగ్గిందా? ఇటు వచ్చేవాళ్లుంటే మామిడి తొక్కు పంపండి, కాగితాలు పంపకండి. అవ్వకు, నీకు దండాలు.

నీ బిడ్డ,
రవళి

మొగిలన్నా, ఈ ముక్క మాత్రం ఓదెలు కాక ఇంటిముందు నిలబడి చదువు: "కాకా, గది డ్రైవర్ పని కాదు. నెలాఖర్ల ఇమానం ఎక్కకు."