ఎడమ బుగ్గ

జూన్ 3, సోమవారం

ఇంట్లోనే సులువుగా మేకప్ వేసుకోవచ్చట. వీడియోలో అమ్మాయి తెగ నవ్వుతోంది. ఇదిగో ఇంత తీసుకోండి, ఇక్కడ ఇలా పెట్టండి, ఇలా ఇలా అనండి, చూశారా ఎంత ఈజీనో అంటోంది. అక్క నా వైపు తిరిగి, ఇంత అంటే ఎంతే, ఇక్కడ అంటే ఎక్కడ అని అడిగింది. బఠాణీ గింజంత, ముక్కు పక్కన అన్నాను. ఇలా ఇలా అంటే ఎలా అంది. అక్క చెయ్యి పట్టుకుని దాని బుగ్గ మీదే రుద్ది చూపించాను.

చలికాలంలో మొదలైంది అక్క చూపు పోవడం. ఇప్పుడు వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియదు. ఇక చేయగలిగింది లేదని రెటీనా డాక్టర్ మర్యాదగా చెప్పాడు. అక్క అంతకన్నా మర్యాదగా థాంక్స్ చెప్పి బయటికొచ్చి, లిఫ్టులో నా చెయ్యి విరిగిపోయేలా పట్టుకుంది.

ఈరోజు హోటల్ మేనేజర్ ఫోన్ చేశాడు. పదిహేడో తారీఖు నుంచి మళ్ళీ రమ్మన్నాడు. ఒక వారం రిసెప్షన్ డెస్క్‌లో కూర్చోబెట్టి చూస్తాడట. పక్కన ట్రైనీ పిల్ల కంప్యూటర్ చూసుకుంటుంది, అక్క మనుషులతో మాట్లాడాలి. కుదరకపోతే వెనక గదిలో ఫోన్లు ఎత్తే పని. ఆ గదికి కిటికీ కూడా లేదు. ఉంటే మాత్రం నాకేం ఒరుగుతుందే అని నవ్వింది. కాసేపటికి నవ్వు ఆపేసి, అక్కడ పెడితే నన్ను దాచేసినట్టే అంది.

మేకప్ లేకుండా డెస్క్ ఎక్కదట. అది యూనిఫాం లాంటిదట. రోజూ నేను వేస్తానన్నాను. నీకు రాదు కదా అంది. నిజమే. పుట్టి బుద్ధెరిగాక పౌడరు తప్ప ఏదీ ఈ ముఖాన పడలేదు.

జూన్ 4

అక్కకి లిప్‌స్టిక్ వేశాను. ఎక్కడ ఆగాలో పెదవికి తెలుసు, లిప్‌స్టిక్‌కి తెలియలేదు.

జూన్ 6, గురువారం

ఒళ్ళు హూనం. గార్మెంట్ ఫ్యాక్టరీలో చెకింగ్ అంటే కూర్చుని చేసే పని అనుకుంటారు జనం. కూర్చోనివ్వరు. ట్యూబ్‌లైట్ కింద నిలబడి, కళ్ళల్లో ఒత్తులు వేసుకుని షర్టు తర్వాత షర్టు చూడాలి. కుట్టు జారిందా, కాలర్ ఒక పక్కకి లాగిందా, గుండీ వదులుగా ఉందా. తప్పు ఉన్నచోట ఎర్ర బాణం స్టిక్కర్ అతికించి ఆల్టర్ అని పక్కన పడేస్తాను. లేకపోతే పాస్. సాయంత్రానికి మనుషుల ముఖాల మీద కూడా బాణాలు కనిపిస్తుంటాయి.

ఇంటికి రాగానే అక్క ముఖం పట్టుకొచ్చి నా ముందు పెట్టింది. తనంతట తనే ఫౌండేషన్ రాసుకుందట. చెవి దగ్గర గీత కట్టింది. ఆల్టర్ అన్నాను. ఆ మాట దానికి భలే నచ్చింది. ఎక్కడ ఆల్టరో వేలు పెట్టి చూపించమంది. పెట్టాను. అక్కడే రుద్దుకుంది. ఇంకో చోట పెట్టాను. అక్కడా రుద్దుకుంది. చివరికి పాస్ అన్నాను. పరీక్ష పాసైన పిల్లలా మెడ నిక్కించింది.

నువ్వు ఉంటే నాకు అద్దం ఎందుకే అంది. నేను టీ పెట్టుకుంటానని లేచాను.

జూన్ 9, ఆదివారం

ఫ్యాక్టరీ నుంచి పనికిరాని గుండీలు పట్టుకొచ్చాను. మూతల మీద జిగురుతో అతికించాం. క్రీముకి పెద్ద గుండీ, ఫౌండేషన్‌కి చిన్నది, బ్లష్ డబ్బాకి గుడ్డ గుండీ. ముదురు రంగు లిప్‌స్టిక్‌కి దారం చుట్టాం. లేత రంగుదానికి ఏమీ లేదు.

వీడియోలు కట్టేశాం. అక్క తన వేళ్ళతో తనే పద్ధతి కనిపెడుతోంది. బ్లష్‌కి ముందు నవ్వుతుంది. నవ్వితే బుగ్గ ఎక్కడ ఉబ్బుతుందో అక్కడ వేలు పెట్టి, అక్కడి నుంచి చెవి వైపు బ్రష్ తోస్తుంది. లిప్‌స్టిక్ నేరుగా వేయదు. వేలి కొసన అద్దుకుని పెదవి మధ్యలో పెట్టి అంచులకి జరుపుతుంది. పౌడరు రుద్దదు, పఫ్‌తో అదుముతుంది. కనుబొమలకి పాత టూత్‌బ్రష్. కాటుక మాత్రం నా చేతికే ఇచ్చింది. కన్ను పొడిచినా పోయేదేం లేదులే, నువ్వే పెట్టు అంది. అలాంటి జోకులు వేయొద్దని కసిరాను. నా కళ్ళు, నా జోకులు అంది.

చక్కగా ఉంది అక్క. ఈ మాట దాంతో అనలేదు. పాస్ అన్నాను.

జూన్ 14, శుక్రవారం

షిప్‌మెంట్ తరుముకొస్తోంది. ఓవర్‌టైం. మా సూపర్‌వైజర్‌కి మైక్ అని పేరు పెట్టాం, నిద్రలో కూడా వినిపిస్తుంది ఆ గొంతు. రోజు చివర్లో వచ్చిన షర్టులు సరిగ్గా చూడలేదు. కాలర్ ఒకసారి తడిమి పాస్ అనేశాను. అందరం అంతే. ఆ వేళప్పుడు ఎవరు చూస్తారు.

కొత్త డిజైన్లకి ముందుగా నమూనా షర్టులు కుట్టే సాంపిల్ రూములో ఒక ఖాళీ ఉందట. కూర్చుని చేసే పని, ఓవర్‌టైం ఉండదు. వచ్చే నెల ఇంటర్వ్యూ. ఈ ముఖం వేసుకుని వెళితే ముందు ఇంటికెళ్ళి పడుకోమంటారు.

అక్క రోజూ సాయంత్రం ప్రాక్టీసు చేసి నన్ను చూడమంటోంది. చూస్తున్నాను. చూస్తూనే ఉన్నాను.

జూన్ 17, సోమవారం, ఉదయం, బస్సులో

తల ప్రాణం తోకకొచ్చింది. షూ లేసు తెగింది. ఐడీ కార్డు కనిపించలేదు. అక్క కిటికీ పక్కన కూర్చుని ముఖం వేసుకుంటోంది. కార్డు ఎక్కడుందే అని అరిచాను. ఫ్రిజ్ మీద గొడుగు కింద అని, తనే లేచొచ్చి తీసిచ్చింది. ఈ ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో చూపు లేని మనిషికే తెలుసు. మళ్ళీ వెళ్ళి కూర్చుంది.

నేను గుమ్మంలో వంగి లేసు ముడేస్తుంటే, అయిందే, పాసా ఆల్టరా అని అడిగింది. పాస్ అన్నాను. ఆటో వచ్చింది. స్కార్ఫ్ చుట్టుకుని ఎక్కింది. వెళ్ళేటప్పుడు చెయ్యి ఊపింది, నేనున్న వైపు కాదు, కొంచెం పక్కకి.

నిద్రొస్తోంది.

జూన్ 17, సాయంత్రం

అక్క నాకన్నా ముందే వచ్చేసింది. మంచం మీద కూర్చుని ఉంది. ముఖం గిన్నె తోమినట్టు తోమేసుకుంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాను. రెండూనా అంది. రెండూ అన్నాను. అప్పుడు చెప్పింది.

కుడి బుగ్గకి రెండుసార్లు బ్లష్ వేసుకుంది. ఎడమ బుగ్గకి అసలు వేయలేదు. నేను కార్డు కోసం పిలిచేసరికి కుడివైపు అయిపోయింది. తిరిగొచ్చి మళ్ళీ కుడివైపే మొదలుపెట్టింది. ఆ ముఖంతోనే పొద్దుటి నుంచి డెస్క్‌లో కూర్చుని వచ్చిన ప్రతి మనిషికీ నవ్వుతూ గుడ్ మార్నింగ్ చెప్పింది. ట్రైనీ పిల్ల చూసిందట, పెద్దావిడని ఎలా అడగడమని ఊరుకుందట. భోజనాల వేళ హౌస్‌కీపింగ్ పెద్దమ్మ అక్కని వాష్‌రూములోకి తీసుకెళ్ళి, తలుపు గడియ పెట్టి, ఇంట్లో ఎవరైనా కొట్టారా అమ్మా అని మెల్లగా అడిగింది.

ఇంట్లో అక్కతో ఉండేది నేనొక్కదాన్నే.

మేనేజర్ ఏమీ అనలేదట. ప్రస్తుతానికి ఫోన్లు చూసుకోండి మేడమ్, డెస్క్ సంగతి తర్వాత చూద్దాం అన్నాడట. మధ్యాహ్నం నుంచి కిటికీ లేని గదిలో కూర్చుంది.

అక్క నన్ను ఒక్కటే అడిగింది. చూసే చెప్పావా అని. తలుపు దగ్గర చీకటిగా ఉంది, సరిగ్గా కనిపించలేదు అన్నాను. ఒక అబద్ధం చాలనట్టు దాని మీద ఇంకోటి.

జూన్ 18

వట్టి ముఖంతో వెళ్ళింది. ఏమీ అడగలేదు.

జూన్ 20, గురువారం

గుండీల డబ్బాలన్నీ అట్టపెట్టెలో సర్ది బీరువా మీద పెట్టేసింది. మాట్లాడుతుంది. కూర బాగుందంటుంది, వాన వచ్చేలా ఉందంటుంది. పక్కింటావిడతో మాట్లాడినట్టు మాట్లాడుతుంది. దీనికన్నా నాలుగు తిట్టినా బాగుండు.

ఈరోజు పొద్దున్నే బట్టలు ఆరేస్తుంటే కింద గేటు దగ్గర అక్క గొంతు వినిపించింది. వాచ్‌మన్‌ని అడుగుతోంది, నా చున్నీ, డ్రెస్సు ఒకే రంగులో ఉన్నాయా బాబాయ్ అని. ఆయన బిత్తరపోయి, బాగున్నాయమ్మా అన్నాడు. నేను ఇంట్లోనే ఉన్నాను. పైన, తీగ దగ్గర, చేతిలో క్లిప్పులతో. అక్క కింద వాచ్‌మన్‌ని అడిగింది.

ఏడవడానికి కూడా ఓపిక లేదు. అయినా ఏడ్చాను.

జూన్ 23, ఆదివారం

మధ్యాహ్నం అక్క పడుకున్నాక అట్టపెట్టె దించాను. కళ్ళకి తువ్వాలు గట్టిగా కట్టుకుని కూర్చున్నాను. అసలు అక్కకి ఎలా ఉంటుందో చూద్దామని. చూద్దామని అన్నాను, చూడండి నా మాట.

క్రీము అనుకుని ఫౌండేషన్ పిసికాను. బ్లష్ డబ్బా చేతిలోంచి జారి ఎటు పోయిందో తెలియలేదు, నేల మీద దేవుకుంటూ కూర్చున్నాను. అన్నిటికన్నా కష్టం ఏమిటంటే, ఎక్కడిదాకా వచ్చానో గుర్తు లేకపోవడం. ఈ పక్క అయిందా, కాలేదా? వేలు పెట్టి తడిమితే రెండు బుగ్గలూ ఒకేలా ఉన్నాయి. బయట ఎవరో బైకు స్టార్ట్ చేస్తే చాలు, అంతా పోయింది.

తువ్వాలు విప్పి అద్దం చూశాను. పసిపిల్లలు కూడా అంత ఘోరంగా వేయరు.

కడుక్కోకుండా వెళ్ళి అక్కని లేపాను. ముఖం పట్టుకొచ్చానే, చూడు అన్నాను. ముందు అర్థం కాలేదు దానికి. దాని చెయ్యి పట్టుకుని, వేళ్ళు నా బుగ్గ మీద పెట్టాను. వేళ్ళకి జిడ్డు తగిలింది. చెవి దాకా తడిమింది. ముక్కు మీద లిప్‌స్టిక్ తగిలింది. కళ్ళు మూసుకుని వేసుకున్నానని చెప్పాను. ఆల్టర్ అంది. నవ్వు ఆపుకోలేక దిండులో తల పెట్టేసుకుంది. ఆరు రోజుల తర్వాత నవ్వింది.

అప్పుడే చెప్పేశాను. చీకటి కాదు, నేను అసలు తలెత్తలేదు అని.

తెలుసు అంది. నీ మాట నేల మీది నుంచి వచ్చింది, నువ్వు వంగి ఉన్నావని అప్పుడే తెలిసింది, అయినా నువ్వు చెప్పావు కదా అని వెళ్ళిపోయాను అంది.

దాని వేళ్ళు ఇంకా నా ముఖం మీదే ఉన్నాయి. కళ్ళ కింద ఆగాయి. అక్కడ ఉబ్బు తగిలిందేమో, రెండు పక్కలా మెల్లగా ఒత్తింది. ఎప్పటినుంచే ఇలా అని అడిగింది. తెలియదన్నాను. ఓపిక లేకపోతే లేదని చెప్పు, చూడలేదని చెప్పు, నేను ఇంకోసారి తడుముకుంటాను, పాస్ అని మాత్రం అనకు అంది. నీ ఫ్యాక్టరీలో షర్టు తిరిగొస్తే విప్పి కుడతారు, నేను మళ్ళీ మొదటిరోజు వెళ్ళలేను కదే అంది.

తర్వాత అక్కే నా ముఖం కడిగింది.

జూన్ 24

అక్క కొత్త పద్ధతి. ఎడమ బుగ్గతోనే మొదలు. అప్పుడు గుండీ ఒకటి ఎడమ గుప్పిట్లో ఉంటుంది. ఆ బుగ్గ అయ్యాక గుండీని కుడి గుప్పిట్లోకి మార్చుకుంటుంది. రెండూ అయ్యాక జేబులో వేసుకుంటుంది. మధ్యలో ఎవరు పిలిచినా, ఇల్లు కూలినా, గుండీ ఎక్కడుందో అక్కడి నుంచి మొదలు. పొద్దున్న పరీక్షించడానికి కావాలని రెండుసార్లు పిలిచాను. చిరాకుపడింది. కానీ తప్పు చేయలేదు.

నన్ను అడగలేదు. నేనే దగ్గరికెళ్ళి, వెలుతురులోకి తిప్పి, చూశాను. చూశానని చెప్పాను.

జూన్ 29, శనివారం

మేనేజర్‌ని అక్కే అడిగింది. నాకు చెప్పకుండా. ఈ శనివారం రద్దీ ఎక్కువ, ఒక్కరోజు కూర్చోనివ్వండి, బాగా లేకపోతే నేనే వెనక గదికి వెళ్ళిపోతాను అందట. కూర్చుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా. ఒక పాత కస్టమర్ గొంతు విని గది నంబరుతో సహా పలకరించిందట, ఆయన మురిసిపోయాడట. హౌస్‌కీపింగ్ పెద్దమ్మ దగ్గరికొచ్చి రెండు బుగ్గలూ చూసి, ఈరోజు ఎవరూ కొట్టలేదన్నమాట అందట. సోమవారం నుంచి డెస్కే.

ఇంటికొచ్చి గుండీ జేబులోంచి తీసి టేబుల్ మీద పెట్టింది. నేను అన్నం తింటూ కూర్చునే నిద్రపోయాను. చేతిలో ముద్ద అలాగే ఉందట.

జూలై 5

రేపు సాంపిల్ రూము ఇంటర్వ్యూ. నా ముఖానికి తనే మేకప్ వేస్తానంది అక్క. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

జూలై 6, శనివారం

కళ్ళు మూసుకో అంది, మూసుకున్నాను. కళ్ళ కింద చాలాసేపు ఉంది దాని వేలు. మధ్యలో కుక్కర్ కూసింది, నేను లేవబోతే భుజం నొక్కి కూర్చోబెట్టింది. గుండీ నా గుప్పిట్లో పెట్టింది, తర్వాత రెండో గుప్పిట్లోకి మార్చింది.

అద్దం గుమ్మం పక్కనే ఉంది. దాని ముందు నుంచే బయటికి వెళ్ళాను, అక్క వేసింది కదా అని తల తిప్పలేదు. బస్సు కిటికీలో కూడా చూసుకోలేదు. ఇంటర్వ్యూలో కూర్చున్నాను, మాట్లాడాను, వచ్చాను.

సాయంత్రం అక్క అడిగింది, ఎలా కుదిరిందే మేకప్ అని. చూడలేదే అన్నాను.