కాలు అతికిన సింహం, ఇంకా పది రాళ్ళు

నేను, చింతల చందర్, తండ్రి కీ.శే. మల్లయ్య, వయసు డెబ్బై రెండు, వృత్తి గడియారాల రిపేరు, నివాసం బాన్సువాడ, కామారెడ్డి జిల్లా, ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి తెలివితో, నా చేతితో రాసుకుంటున్న వీలునామా ఇది. దవాఖానలో డాక్టరు గుండె బలహీనమన్నాడు. బుద్ధి గురించి ఏమీ అనలేదు. ఇంతకు ముందు వేరే వీలునామా రాయలేదు.

1. ఇల్లు, బస్టాండు దగ్గరి దుకాణం నా భార్య రాజ్యానికి చెందుతాయి. ఇందులో వివరించేది లేదు.

2. చైనాలో చెక్కిన పాత రాతి వస్తువులు నా దగ్గర పదకొండు ఉన్నాయి. ముప్పై ఏళ్ళలో హైదరాబాదు పాత సామాన్ల అంగళ్ళలో ఒక్కొక్కటిగా కొన్నవి. నాకు ఎవరూ నేర్పలేదు. గడియారాలు చూసే కంటి అద్దంతోనే వీటినీ చూశాను. నోటుబుక్కులో ప్రతిదానికీ ఒక పేజీ ఉంది. రోజుకొకటి తీసి చూసి, ఎక్కడ పెచ్చు లేచింది, ఎక్కడ బీట ఉంది, తేదీ వేసి రాశాను. గోరు తట్టుకుంటే బీట, తట్టుకోకపోతే రాయితో పుట్టిన చార. పేజీ లేకుండా ఏ వస్తువునూ ఎవరికీ ఇవ్వరాదు.

3. అకీకు రాతి గిన్నె నా బిడ్డ లతకు. అంచున వడ్లగింజంత పెచ్చు పోయింది. నేను కొన్ననాటికే అలా ఉంది. చిన్నప్పుడు జ్వరం వస్తే లత అందులో తప్ప పాలు తాగేది కాదు. తన పిల్లలకు అందులో పోసి ఇస్తానంటే ఇవ్వనీ. బీరువాలో పెట్టి తాళం వేయమని నేను అనను.

4. ఆకుపచ్చ జేడ్ సింహం సంగతి. నోటుబుక్కు నాలుగో పేజీలో "దెబ్బ లేదు, అతుకు లేదు" అని నా రాత ఉంది. ఆ మాట తప్పు.

కొన్న కొత్తలో రాజ్యం దాన్ని నర్సింహస్వామి అనుకుని దేవుని అల్మారాలో పెట్టింది. రోజూ నూనె పూసి కుంకుమ పెట్టేది. నేను చూడబోతే "దేవునికి అద్దం పెట్టి చూస్తరా ఎవలన్న?" అని నన్నే ఎగతాళి చేసేది. ఏడాదికి దానికి పట్టిన ఎరుపు చూసి, రాయిని ఖరాబు చేసినవని నలుగురి ముందు అరిచాను. ఆ తర్వాత ఆమె నా రాళ్ళను ముట్టలేదు.

సింహాన్ని గోరువెచ్చని నీళ్ళతో కడిగాను. ఒంటిమీది ఎరుపంతా పోయింది. కుడి ముందుకాలు చుట్టూ దారమంత గీత మాత్రం మిగిలింది. నేను చార అనుకున్నది అతుకు. విరిగిన కాలును ఎవరో రంగు కలిపిన లక్కతో అతికారు. నా గోరుకు దొరకనిది ఆమె కుంకుమకు దొరికింది. పేజీ దిద్దితే కారణం ఆమెకు చెప్పవలసి వస్తుందని ఇరవై మూడేళ్ళు దిద్దలేదు.

5. నా కొడుకు దయానంద్ నన్ను అడగకుండా ఆ పేజీ ఫోటో తీసి హైదరాబాదులో ఒకాయనకు పంపాడు. ఆయన నా రాత నమ్మి బేరం ఖాయం చేశాడు. అతుకు సంగతి చెబితే దయానంద్, "బాపూ, గా ఎర్రగీత యాసిడ్‌తోని పోతదట, ఎవలకు ఎర్కైతది?" అన్నాడు. నాకు ఎరుకే. ఈరోజు నాలుగో పేజీలో తప్పు మాట కొట్టేసి, కింద నిజం రాసి సంతకం పెట్టాను. దాని నకలు ఆ కొనేవారికి రిజిస్టరు పోస్టులో పంపాను.

6. సింహం రాజ్యానిది. కుంకుమ పెడుతుందో, అమ్ముకుంటుందో ఆమె ఇష్టం. అమ్మితే దిద్దిన పేజీతోనే అమ్మాలి. దానికి యాసిడ్ గానీ పాలిష్ గానీ తగలరాదు.

7. మిగిలిన తొమ్మిదీ దయానంద్‌వి. కోపంతో ఒక్కటి కూడా తగ్గించలేదు. అయితే ఏ పేజీ చించినా, మార్చినా ఆ తొమ్మిదీ లతకు పోతాయి. ఇందులో ఎవరి సిఫారసూ చెల్లదు.

8. దీన్ని అమలు చేయవలసింది నా స్నేహితుడు ఇమ్మానుయేలు సారు. ఆయనకు నా కంటి అద్దం. కళ్ళజోడు మార్చుకోమంటే వినడు.

9. సంతకానికి ముందు ఇదంతా సాక్షుల ఎదుట రాజ్యానికి చదివి వినిపించాను. నాలుగో అంశం రెండుసార్లు చదివించుకుంది. "గీ ముచ్చట నాకు చెప్పనీకె సర్కారు కాగితం గావాల్నా నీకు?" అన్నది. ఆ మాట కూడా రాయమన్నది. రాశాను.

బాన్సువాడ, 11 జూన్ 2025, బుధవారం.

(సంతకం) చింతల చందర్

సాక్షులు:
హన్మంతు, దర్జీ, బాన్సువాడ
మోతీరాం, రైతు, బీర్కూర్