గ్లౌజుల ఆర్డరు పోనాక

బర్మామైన్స్, జంషెడ్‌పూర్
9-9-79

అమ్మకి,
పిల్లలూ నానూ బాగున్నాం, బెంగెట్టుకోకు.

మా గ్లౌజుల ఆర్డరు పోనాదని నీకెవులో సెప్పేరట. నిజమే. కార్ఖానాకి గ్లౌజులు ఇచ్చే సేటు, ముందు ఒప్పుకున్న గడువులో సగానికే సరుకు కావాలన్నాడు. నా దగ్గర కుట్టే ఆడోల్లని అడిగి సెప్తానన్నాను. "మాలిక్ నువ్వా, ఆళ్లా?" అని, యజమానివి నువ్వే కదా అన్నట్టు నవ్వినాడు. అడిగితే ఆళ్లలో సింహాచలమ్మ సేతి ఏళ్లు సూపించింది. సూది దిగి వాచిపోనాయి. కుదరదని సేటు మొకం మీదే సెప్పేసినాను. ఆర్డరు ఇంకోలికి ఇచ్చీసినాడు. మిషన్లు ఖాళీగున్నా ఒక్కర్తీ నన్నొదిలి పోలేదు. అందరం ఇక్కడ మాంగో అనే పేటలో దుకానాలు తిరిగి బడిసంచీలు కుట్టే పని తెచ్చుకున్నాం. మొన్న సేటే మా గుమ్మంలోకొచ్చినాడు. బయట కుట్టించిన గ్లౌజుల కుట్లు ఊడిపోతన్నాయట. ఈసారి గడువు నానే సెప్పినాను, ఒప్పుకున్నాడు.

అయ్యకి మోకాలు నొప్పి తగ్గిందా? ఆవు ఈనిందా? ఎవులైనా ఇటొత్తే చింతపండు, నువ్వులు పంపు.

మగదిక్కు లేకుండా యాపారం సాగదని, తమ్ముడు అసిరయ్యని పంపుతాను, పెత్తనం ఆడికి ఇమ్మని రాసినావు. తప్పకుండా పంపు. ముందు మా ఆడోల్ల పక్కన కూకుని కుట్టు నేర్సుకుంటాడు.

పెద్దోల్లకి దండాలు, పిల్లలకి ముద్దులు.

నీ కూతురు
పైడమ్మ