అడ్వర్టైజులు లేని సీరియల్

డిండోలి, మంగళవారం

ఈ రోజు నాన్న డాబా మీది డిష్ విప్పించేశాడు. దానికంటే టీవీలో యాప్ చవకని చెప్పింది నేనే. అడ్వర్టైజులు రాని ప్లాన్ ఎంచుకున్నదీ నేనే.

సాయంత్రం పక్క గదుల్లోని లక్ష్మత్త, సుజాతక్క ఎప్పటిలాగే చీరల మూటలతో వచ్చారు. సీరియల్ నడిచినంతసేపూ చూడటం, అడ్వర్టైజులు రాగానే తల వంచి చీరలకు మెరుపు రాళ్లు అంటిస్తూ అమ్మతో ఊరి ముచ్చట్లు చెప్పుకోవడం నా చిన్నప్పటి నుంచీ ఉన్నదే. నేను పుస్తకం చాటున కూర్చుని వినేదాన్ని. రోజు మొత్తంలో అమ్మ గట్టిగా నవ్వేది అప్పుడే.

ఇవాళ సీరియల్ ఎక్కడా ఆగలేదు. ఎవరూ మాట్లాడలేదు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది.

“ఏందే బిడ్డా, గింతేనా? ఒక్క రాయి అంటియ్యలే. రేపు చీరలిచ్చిన సేఠ్‌కు నీ మొఖం చూపియ్యాల్నా?” అంది లక్ష్మత్త.

“ఫోన్లగూడ వస్తదట అత్తా. ఇగ ఎవరింట్ల వాళ్లం పని చేసుకుంట చూసుకుందాం,” అంటూ సుజాతక్క మూట కట్టింది.

అమ్మ వాళ్లను ఆపలేదు. వాళ్లు వెళ్లాక, పొయ్యి మీద ముగ్గురికని పెట్టిన చాయ్‌లోంచి తనొక్కతే ఒక గ్లాసు పోసుకుంది. పని కోసం వలస వచ్చిన ఈ ఊళ్లో అమ్మకు వేరే స్నేహితులు లేరు.

వాళ్లు చెప్పులు వేసుకుంటున్నప్పుడే నేను చెప్పాల్సింది. రేపు సీరియల్ మొదలుకాక ముందే వెళ్లి లక్ష్మత్త తలుపు తట్టాలి. తడబడకుండా ఉండేందుకు ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను: “అత్తా, రాండ్రి. నడుమ నడుమ నేను ఆపుత.”