గోల్‌లో నిలబడ్డ కోటు బొత్తాం

ప్రియమైన నీకు,

ఇక్కడ మేమిద్దరం క్షేమం. ఆ దీవిలో గాలి వేగం కొలుస్తూ కూర్చున్న నువ్వు కూడా క్షేమంగా ఉన్నావనుకుంటున్నాను. పోయిన ఉత్తరంలోనూ ఇదే మాట రాశాను కానీ, అప్పుడు అలవాటు కొద్దీ రాశాను. ఈసారి తలెత్తి చూసుకుని మరీ రాస్తున్నాను. పాప స్నానం చేసి వచ్చి, తడి జుట్టు తుడుచుకుంటూ ఏదో పాట పాడుతోంది. శ్రుతి లేదు, తాళం అంతకన్నా లేదు. అయినా వింటుంటే ప్రాణం లేచొచ్చినట్టుంది. ఎందుకో కాస్త ఆగి చెబుతాను.

నీ దగ్గరికొచ్చే పడవ రేపు పొద్దున బయల్దేరుతుందట. అందుకని కళ్ళద్దాల దుకాణం మధ్యాహ్నమే మూసేసి ఇంటికొచ్చాను. చాలా రాయాలి. నీకో దురలవాటుంది, చివరి కాగితం ముందు తిప్పి చూస్తావు. ఈసారి ఒట్టు, అలా చెయ్యకు.

ముందు నీ ప్రశ్నలు. వంటింటి కుళాయి బాగు చేయించాను. అంటే నేనే చేశాను, అది మళ్ళీ కారింది, అప్పుడు మనిషిని పిలిచి చేయించాను. నవ్వకు.

పాప గొంతు తగ్గిందా, ఉప్పునీళ్ళు పుక్కిలిస్తోందా అని అడిగావు. తగ్గింది. అమ్మ రాసింది కదా అని రోజుకు మూడుసార్లు పుక్కిలించింది పాపం. దీని గురించి ఇంకో మాట ఉంది. దాని చోటు వచ్చినప్పుడు రాస్తాను, కంగారు పడకు.

ఇక నీ కోటు పైబొత్తాం. "పెట్టె విప్పి చూస్తే పైబొత్తాం లేదు, చలి నేరుగా గొంతులోకి దూరుతోంది, ఎక్కడ ఊడిందో ఏమో" అని రాశావు. అది ఊడలేదు. నువ్వు బయల్దేరే ముందు వదులుగా వేలాడుతుంటే కుడదామని తెంపాను, కుట్టడం మరిచిపోయాను, నీ బొత్తాల డబ్బాలో పడేశాను. ఆ డబ్బా ఇప్పుడు మా హాకీ జట్టు సొత్తు. భోజనాల బల్ల మీద సుద్దముక్కతో మైదానం గీసి, పదకొండు బొత్తాలు పేర్చి, నేనూ పాపా ఎత్తులు వేసుకుంటాం. తెల్లవి వెనకవాళ్ళు, నీలంవి నడిమివాళ్ళు, ఎర్రవి ముందువాళ్ళు. అన్నిటికన్నా పెద్దది, గోధుమరంగుది, నాలుగు రంధ్రాలది నీ కోటు బొత్తాం. అది గోల్‌కీపర్. అంటే పాప.

"అయిదుగుర్ని వెనక్కి నెట్టి కూర్చోబెట్టారట, అది జట్టా, ప్రహరీగోడా కోచ్‌గారూ?" అని కూడా వెక్కిరించావు. నువ్వు ముందు వరసలో లెఫ్ట్ అవుట్ ఆడిన రోజుల్లో ముందు అయిదుగురు బారుగా పరుగెత్తేవారు, వెనక ఇద్దరే మిగిలేవారు. చూడ్డానికి బాగుండేది, ఒప్పుకుంటాను. కానీ ఈ సీజన్ చివరి మ్యాచ్ ఓడరేవు జట్టుతో. కనీసం డ్రా చేసుకుంటే పై డివిజన్‌లో ఉంటాం, ఓడితే కింది డివిజన్‌కి పోతాం. కిందికి పోతే జట్టులో సగం మంది వేరే క్లబ్బులు చూసుకుంటారు. మన లెక్కల టీచరమ్మ, అదే మా కెప్టెను, నాతో ఆ మాట నేరుగానే అనేసింది. ఓడరేవు జట్టులో ఒక పొడుగుపిల్ల ఉంది. పెనాల్టీ కార్నర్ దొరికితే చాలు, బంతిని స్టిక్‌కి అంటించుకున్నట్టు లాగి విసురుతుంది. నేల మీద పోదు, గాల్లో పోతుంది. అందుకే వెనక అయిదుగురు, నడుమ ముగ్గురు, ముందు ఇద్దరు. వాళ్ళ వెనకవాళ్ళ దగ్గర బంతి ఉంటే ఉండనీ అని సగం మైదానం వదిలేసి, నడిమిగీత దాటాకే మీద పడాలి. గోల్ ముందున్న డి గీత లోపలికి రానివ్వకపోతే కార్నర్లు ఇవ్వక్కర్లేదు. కార్నర్లు ఇవ్వకపోతే పొడుగుపిల్లతో పని లేదు.

ఇదీ నేను జట్టుకి చెప్పిన కారణం. అబద్ధం కాదు కానీ, మొత్తం నిజం కూడా కాదు.

మ్యాచ్ సంగతికి వస్తాను. మొదటి పావు ఆటంతా బొత్తాల మీద అనుకున్నట్టే జరిగింది. వాళ్ళు అటూ ఇటూ బంతి తోసుకుంటున్నారు, మనవాళ్ళు గీత దగ్గర కాపు కాస్తున్నారు. రెండో పావులో ఒక బంతి మనమ్మాయి కాలికి తగిలి పక్కకి మళ్ళింది, వాళ్ళలో ఒకామె ఊరికే తోసేసింది. సున్నా ఒకటి. మూడో పావులో అయిదుగుర్ని వెనక పెట్టినా నాలుగు కార్నర్లు ఇచ్చాం. నాలుగూ పాప ఆపింది. నాలుగోది మెడ ఎత్తులో వచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. కోచ్ అనేవాడు కళ్ళు మూసుకోవచ్చా? మూసుకున్నాను.

ఓడిపోతున్న జట్టు చివర్లో గోల్‌కీపర్‌ని బయటికి పిలిచి, ఆ చోట ఇంకో ఆటగత్తెను పంపడం ఈ ఆటలో మామూలే. గోల్ ఖాళీగా ఉంటుంది, ముందుకు ఒక మనిషి కలిసొస్తుంది. చివరి మూడు నిమిషాల్లో అలా చేద్దామని జట్టంతా కలిసి అనుకున్నాం. నేను తొమ్మిది నిమిషాలుండగానే చెయ్యెత్తాను. పాప మారుమాట్లాడకుండా వచ్చేసింది. మా కెప్టెను దూరం నుంచి "ఇప్పుడే ఏంటి సార్?" అని రెండు చేతులూ చాపింది. నేను చూడనట్టు నటించాను.

ఇక్కడ ఆగి నీకు చెప్పాల్సింది చెప్పాలి. పోయిన ఉత్తరంలో రాశాను కానీ, పాపకి జలుబు చెయ్యలేదు. నెల కిందట ప్రాక్టీసులో దాని నెక్ గార్డ్ పట్టీ తెగింది. మెడ చుట్టూ కట్టుకునే ఆ చిన్న కవచం నీకు తెలుసు. "సార్, పట్టీ తెగింది, కుట్టించుకుని రేపు నిలబడతా" అంది. "ఇంకో అయిదు బంతులే కదా, ఇవాళ్టికి లేకుండా కానియ్యి" అన్నాను. ఈ మాట నా నోట్లోంచే వచ్చింది, వేరే ఎవరి మీదా నెట్టడానికి లేదు. మూడో బంతి హెల్మెట్ కింద, సరిగ్గా గొంతుకి తగిలింది. పడిపోయింది. ఊపిరి అందక చేతులు నేలకేసి కొట్టింది. ఎంతసేపో తెలియదు, పదో పదిహేనో క్షణాలు. నాకు మాత్రం ఇంకా అయిపోలేదు.

తర్వాత పదిరోజులు మాట లేదు. లోపల వాచిందని, విశ్రాంతి ఇవ్వాలని గొంతు డాక్టరు చెప్పాడు. పలక మీద రాసి చూపించేది. జలుబు చేసి పాప గొంతు పోయిందని నీకు రాశాను. నిజం రాస్తే ఆ దీవిలో, మూడువారాలకొక్క పడవ వచ్చే చోట, నువ్వేం చేస్తావు అనుకున్నాను. అది సాకు. నీకు ముఖం చూపించలేకపోయాను, అంతే. ఆ పడవ తిరిగొచ్చినప్పుడు, నువ్వు ఉప్పునీళ్ళు పుక్కిలించమని రాసిన ఉత్తరం చదివి, పాప పలక మీద "డాక్టరు కూడా ఇదే చెప్పాడుగా, అమ్మకి ఫీజు ఇవ్వాలి" అని రాసి నవ్వింది. నేను పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను.

పాప లేని రెండు మ్యాచ్‌ల్లో, వెనక ఆడే బేకరీ అమ్మాయి కవచాలు కట్టుకుని గోల్‌లో నిలబడింది, తొమ్మిది గోల్స్ పడ్డాయి. చివరి మ్యాచ్ దాకా అవస్థ వచ్చింది అందుకే. మ్యాచ్‌కి వారం ముందు డాక్టరు లైటు వేసి చూసి, "పూర్తిగా మానింది, ఆడుకోవచ్చు" అన్నాడు. పాప ఎగిరి గంతేసింది. నేను మాత్రం మ్యాచ్ ముందు రోజు సాయంత్రం, అది గదిలో ఉన్నప్పుడు, బల్ల మీది నీ కోటు బొత్తాం తీసి జేబులో వేసుకున్నాను. దాని బదులు ముందు వరసలో ఇంకో ఎర్రబొత్తాం పెట్టాను. స్కోరు ఎంతైనా సరే, వీలు చూసుకుని దాన్ని బయటికి పిలిచేద్దామని అప్పుడే అనుకున్నాను. ఓడిపోతూ ఉండడం నాకు కలిసొచ్చింది. చూశావా, మన జట్టు ఓడిపోతుంటే కలిసొచ్చిందనుకున్న కోచ్‌ని.

మళ్ళీ మైదానానికి. గోల్ ఖాళీ, వెనక ముగ్గురు, నడుమ నలుగురు, ముందు నలుగురు. నీ కాలం ఆటకి కాస్త దగ్గరగా వచ్చాం, సంతోషించు. యాభై నిమిషాలు కాపు కాసినవాళ్ళు ఒక్కసారిగా పైకి వెళ్ళి, వాళ్ళ వెనకవాళ్ళ మీదే పడ్డారు. ఒకసారి వాళ్ళు దూరం నుంచి కొట్టిన బంతి ఖాళీ గోల్ వైపు దొర్లుకుంటూ పోతుంటే, బేకరీ అమ్మాయి వెంటపడి గీత మీద ఆపింది. రెండున్నర నిమిషాలు ఉందనగా, ఉత్తరాలు పంచే ఆవిడ, మేమంతా పోస్టమ్మ అని పిలుస్తామే, ఆవిడ పక్కగీత దగ్గర వాళ్ళ బ్యాక్‌ని ఇరికించి బంతి లాక్కుంది. లోపలికి తోసింది. కెప్టెను స్టిక్ అడ్డం పెట్టింది. ఒకటి ఒకటి!

అందరూ ఒకరిమీద ఒకరు పడి అరుస్తున్నారు. కెప్టెను మాత్రం నా వైపే చూసి అరిచింది. "కీపర్ని పంపండి సార్! డ్రా చాలు మనకి!"

నిజమే కదా. సమం అయ్యాక గోల్ ఖాళీగా ఉంచే పిచ్చివాడు ఎవడుంటాడు? పైగా పెనాల్టీ కార్నర్ ఇచ్చేశాక పంపుతానన్నా పంపనివ్వరు, ముందే పంపాలి. అన్నీ తెలుసు. తెలిసీ చెయ్యి లేవలేదు. ఆట మళ్ళీ మొదలైంది.

పాప హెల్మెట్ పెట్టుకుని నా పక్కకి వచ్చింది. నీకు తెలుసుగా, మైదానం గేటు దాటితే నన్ను సార్ అనే పిలవాలని నేనే పెట్టిన నియమం. నాలుగేళ్ళలో ఒక్కసారి తప్పలేదు.

"నాన్నా, పొద్దున బల్ల మీద కీపర్ లేదు. చూశాను" అంది.

జేబులో బొత్తాం మీదికి చెయ్యి పోయింది.

"అప్పటినుంచీ ఎప్పుడు పిలుస్తావా అనే చూస్తున్నా. నాకూ భయంగానే ఉంది. కానీ భయమేసినా నాలుగు ఆపాగా." గడ్డం పైకెత్తి మెడ చూపించింది. "పట్టీ లాగి చూడు. గట్టిగా ఉందా?"

లాగాను. గట్టిగానే ఉంది. ఇంకోసారి లాగాను.

"చాల్లే, ఊపిరాడట్లేదు" అంది. "వెళ్ళనా?"

"వెళ్ళు" అన్నాను.

అది వెళ్ళి నిలబడిన కాసేపటికే వాళ్ళకి కార్నర్ దొరికింది. గంట కూడా మోగిపోయింది, ఆ ఒక్క కార్నర్ అయితే ఆట అయిపోయినట్టే. పొడుగుపిల్ల లాగి విసిరింది. మా కెప్టెను ఎదురు పరుగెత్తింది కానీ అందలేదు. బంతి మళ్ళీ మెడ ఎత్తులోనే. ఈసారి నేను కళ్ళు మూసుకోలేదు. పాప తల తిప్పలేదు. ఎడమచెయ్యి అడ్డం పెట్టింది, బంతి గ్లవ్‌కి తగిలి కింద పడింది, బేకరీ అమ్మాయి బయటికి కొట్టేసింది. అంతే. మనం పై డివిజన్‌లోనే ఉన్నాం.

మర్నాడు కూరగాయల దుకాణం ఆవిడ మొదలు పక్కింటి దర్జీ దాకా అందరూ నా ఎత్తుని మెచ్చుకున్నారు. తొమ్మిది నిమిషాలుండగానే కీపర్ని తీశాడు, ఎంత గుండె ధైర్యం అని. నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చి పాపకి చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత బల్ల దగ్గర కూర్చోబెట్టి, కాస్త గట్టిగానే చెప్పింది.

"ఇంకోసారి నన్ను తీసెయ్యాలనుకుంటే బొత్తాన్ని దాచడం కాదు, నాతో చెప్పు. నేనూ భయమేస్తే చెప్తా. సరేనా?"

"సరే."

"పట్టీ సంగతి అమ్మకి రాయి. నువ్వు రాయకపోతే నేను రాస్తా."

"నేనే రాస్తాను."

తన పాత చొక్కా నుంచి ఒక పచ్చబొత్తాం తెంపి గోల్‌లో పెట్టింది. నా జేబులోది తీసుకుని నా చేతిలో పెట్టి, "ఇది అమ్మకి పంపించెయ్. పాపం, చలికి చస్తోందట" అంది.

నన్ను తిట్టాలనుంటే తిట్టు. పూర్తిగా, తీరిగ్గా, రెండు కాగితాల నిండా రాయి. నేను ఒక్క మాట కూడా ఎదురు రాయను. కానీ కంగారు మాత్రం పడకు. డాక్టరు నిన్న మళ్ళీ చూసి, ఇక రానక్కర్లేదు అన్నాడు. పాప అదే పాట మూడోసారి మొదలుపెట్టింది. మామూలుగా అయితే ఆపమ్మా అనేవాణ్ణి.

బొత్తాం ఈ కాగితంలోనే చుట్టి పెడుతున్నాను. నల్లదారం, సూది కూడా పెట్టాను. నాలుగు రంధ్రాల్లోనూ రెండేసి సార్లు కుట్టుకో. కుట్టాక ఒకసారి లాగి చూడు.

ఇట్లు,
పాప వాళ్ళ నాన్న